పదేళ్ల ప్యాడ్లు

మా ఆఫీసు కారుకి బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయి. ఇందులో విశేషమేముంది అనుకునేవాళ్లు పుణ్యాత్ములు. వాళ్లు ఎప్పుడూ ఆఫీసులో పనిచేసి ఉండరు.

ముందు ఆ ఆఫీసు సంగతి చెప్పాలి. మాది అడ్డాకుల అభివృద్ధి మండలి. అడ్డాకులు కొండమీద అడవిలో వాటంతటవే పెరుగుతాయి. కొండవాళ్లు కోసి, విస్తళ్లు కుట్టి, సంతలో అమ్ముకుంటారు. మధ్యలో మేం అభివృద్ధి చేస్తాం. ఎలా చేస్తామో పందొమ్మిదేళ్లుగా డ్రైవరుగా ఉన్నా నాకు అర్థం కాలేదు. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, నాకు అర్థం కాకపోవడంలో వింత లేదు. డాక్టరేటు ఉన్న మా డైరెక్టరు పరాంకుశం గారికి అర్థమైందా అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఆఫీసు కొండమీద. పోస్టాఫీసు, బ్యాంకు, డైరెక్టరు గారి పళ్ల డాక్టరు కొండ కింద. మధ్యలో ఘాటీ రోడ్డు, పద్దెనిమిది మలుపులు. మండలి ఇచ్చిన చిన్న కారులో రోజూ దిగి ఎక్కుతుంటాను. దిగినంతసేపూ బ్రేకు మీద కాలుంటుంది. కాలుంటే ప్యాడు అరుగుతుంది. ఏడెనిమిది నెలలకోసారి కింద మెకానిక్ దాలినాయుడి షెడ్డుకి తీసుకెళ్తే, తెప్పించిన టీ చల్లారేలోగా పాతవి పీకి కొత్తవి వేసేసేవాడు. పందొమ్మిదేళ్లు ఇలా అనాగరికంగా గడిచిపోయాయి.

మా మండలికి ఇంకో కొండమీద ఇంకో ఆఫీసుంది. అక్కడి కారు నా బావమరిది తవిటినాయుడు నడుపుతాడు. వాడి ఘాటీ ముందు మాది పిల్లలు ఆడుకునే మైదానం.

ఇలా ఉండగా మన్నిక సంవత్సరం వచ్చిపడింది.

రాజధాని నుంచి ఉత్తర్వు. ఈ ఏడాది ప్రతి ఆఫీసూ ఎక్కువకాలం మన్నే వస్తువులే వాడాలి, ఏదో ఒక వస్తువులో మన్నిక విజయం సాధించి చూపాలి. పరాంకుశం గారు మూడు రోజుల శిక్షణకి వెళ్లి బట్టసంచీ, స్టీలు సీసా, మెడలో బ్యాడ్జీతో తిరిగొచ్చారు. కారు దిగుతూనే అడిగారు.

"సన్యాసిరావ్, మన కార్యాలయంలో అతి స్వల్పకాలంలో క్షీణించే వస్తువు ఏది?"

"బ్రేకు ప్యాడ్లండి. ఇప్పుడు కూడా అయిపోయినాయి. రేపే మార్పించాలి" అన్నాను.

నేను నోరు మూసుకుని ఉంటే చీపుళ్ల మీద పడేవారు. తప్పు నాదే.

మర్నాటికల్లా 'బ్రేకు ప్యాడ్ల దీర్ఘాయుష్షు ఉపసంఘం' పుట్టింది. అధ్యక్షులు పరాంకుశం గారు, కార్యదర్శి సూపరింటెండెంటు విశాలాక్షి గారు. అందులో నేను కూడా కూర్చోవచ్చా అని అడిగాను.

"నువ్వు బ్రేకు తొక్కేవాడివి కదయ్యా! ఆసక్తి గల పక్షం అవుతావు. నిష్పాక్షికత దెబ్బతింటుంది" అన్నారు విశాలాక్షి గారు.

ఆవిడకి కారు నడపడం రాదు. డైరెక్టరు గారికి సైకిలు కూడా రాదు. అంచేత ఉపసంఘం నూటికి నూరుపాళ్లూ నిష్పాక్షికం.

సమావేశానికి ఇద్దరు సరఫరాదారులు వచ్చారు. ఒకడు మా దాలినాయుడు, గ్రీజు చేతులు చొక్కాకి తుడుచుకుంటూ. రెండోవాడు మెడలో టై, చేతిలో వెల్వెట్ పెట్టె ఉన్న ఆసామి. నేను టీలు అందిస్తూ గోడ పక్కన నిలబడ్డాను.

"సూడండి బాబూ" అని మొదలెట్టాడు దాలినాయుడు. "మెత్తటి ప్యాడు డిస్కుని గట్టిగా అట్టుకుంటాది. అందుకే అరిగిపోద్ది. గట్టిది అరగదు. ఎందుకరగదు? అట్టుకోదు గనక. మీది ఘాటీ. మద్దెరకం ఏస్తాను, ఏడెనిమిది నెల్లొస్తాది. దిగినోలు దిగినట్టే ఎక్కొస్తారు."

"అంటే మీ సరుకు అరుగుతుందని మీరే అంగీకరిస్తున్నారన్నమాట" అన్నారు పరాంకుశం గారు.

"అరక్కపోతే బండెలగాగుద్ది బాబూ?"

"ఆగుట మన పరిశీలనాంశం కాదు. అది డ్రైవరు నైపుణ్యానికి సంబంధించినది. మన పరిశీలనాంశం మన్నిక. విశాలాక్షి గారూ, నమోదు చేయండి. సరఫరాదారు అరుగుదలను స్వచ్ఛందంగా ఒప్పుకున్నారు."

టై ఆసామి పెట్టె తెరిచాడు. లోపల నాలుగు ప్యాడ్లు, నల్లగా, నున్నగా, దేవుడి విగ్రహాల్లా ఉన్నాయి.

"పదేళ్లు సార్. పదేళ్లలో వెంట్రుకవాసి అరిగినా కొత్తవి ఉచితం."

దాలినాయుడు ఒకటి తీసి గోటితో గీకాడు. "ఇదేటి ప్యాడేటి? దీనికంటే మా ఇంటి సన్నికల్లు మెత్తగుంటాది" అన్నాడు. ఇది ప్రత్యర్థిపై అసూయగా నమోదైంది.

తర్వాత శాస్త్రీయ పరీక్ష. అటెండరు వరండాలో కూర్చుని ఒక్కో రకాన్ని అరగంటసేపు సిమెంటు గచ్చు మీద రుద్దాడు. దాలినాయుడి ప్యాడు గుప్పెడు పొడి రాల్చింది. పదేళ్ల ప్యాడు ఏమీ రాల్చలేదు. గచ్చుకే వేలెడు లోతు గాడి పడింది.

పరాంకుశం గారు ఆ గాడిలో వేలుపెట్టి చూసి కదిలిపోయారు. "అద్భుతం" అన్నారు.

"సార్, అలాగైతే ఇది కారు డిస్కుని కూడా ఇలాగే తినేస్తుందండి" అన్నాను, ఉండబట్టలేక.

"డిస్కు ఉపసంఘం పరిధిలోకి రాదు" అన్నారు విశాలాక్షి గారు.

పదేళ్ల ప్యాడ్లు ఎంపికయ్యాయి. ఉత్తర్వులో చివరి వాక్యం నాకోసమే రాశారు. ఎంపికైన ప్యాడ్లను అనుమతి లేకుండా తొలగించిన డ్రైవరు ఉద్యోగం నుంచి తొలగించబడును.

ప్యాడ్లు బిగించాక మొదటి ప్రయాణం విశాలాక్షి గారిదే. ఎంపిక నివేదికని రిజిస్టరు పోస్టు చెయ్యడానికి బయల్దేరాం. మొదటి మలుపులో బ్రేకు తొక్కాను. కారు ఆ సంగతి పట్టించుకోలేదు. మళ్లీ తొక్కాను. ముందు చక్రాల్లోంచి పందిని కోస్తున్నట్టు అరుపు.

"ఏమిటయ్యా ఆ చప్పుడు?"

"మన్నికండి."

రెండో గేరు, మొదటి గేరు, హ్యాండు బ్రేకు, ఇలవేల్పు. అన్నీ వాడాను. నాలుగో మలుపులో రోడ్డువాళ్లు పోసిన కంకరగుట్ట కనబడింది. దేవుడే పోయించాడనుకుని ముక్కు గుచ్చేశాను. కారు ఆగింది. విశాలాక్షి గారి కళ్లజోడు డ్యాష్‌బోర్డు మీద ఉంది. ఆఫీసుకి తిరిగొచ్చాక చూస్తే ఆవిడ రాసిన ప్రయాణ నివేదికలో 'వాహనము స్వల్ప ఆలస్యంతో నిలిచినది' అని ఉంది. మర్నాటి నుంచి ఆవిడ నడుంనొప్పి వల్ల బస్సులో దిగడం మొదలెట్టారు.

నేను దరఖాస్తు పెట్టుకున్నాను. అయ్యా, కారు ఆగడం లేదు అని. మూడు రోజుల్లో జవాబొచ్చింది. మా ఆఫీసులో అంత తొందరగా జవాబు ఎప్పుడూ రాలేదు. డ్రైవరు అవసరం వచ్చినప్పుడు ఆగాలనుకోవడం వల్లే ఈ సమస్య తలెత్తుతున్నదని, ఆగవలసిన చోట్లను ముందురోజే నిర్ణయించుకుంటే తలెత్తదని అందులో సారాంశం. ఇకమీదట రోజూ సాయంత్రం మర్నాటి 'ఆగుదల ప్రతిపాదన' ఇవ్వాలి. ప్రతిపాదనలో లేని చోట ఆగితే సంజాయిషీ.

వారం తిరక్కుండా పరాంకుశం గారు పిలిపించారు.

"ఏడో మలుపులో నిన్న ఆగావట. ప్రతిపాదనలో లేదే?"

"మేకలడ్డొచ్చాయండి. కొండరాతికి రాసుకుంటూ ఆపాను. ఎడమపక్క రంగంతా పోయింది."

"రంగు వేరు, ప్యాడు వేరు. ప్యాడుకేమైనా అయిందా?"

"ఏం కాలేదండి. దానికేం, మహారాజులా ఉంది."

"మరింకేం? మేకల విషయంలో ముందురోజే కాపరిని సంప్రదించవలసింది. ఇది స్పష్టంగా సమన్వయ లోపం."

ఆ ఆదివారం నా భార్య నూకరత్నం ఇంటి ముందున్న కారు ఎడమవైపు చూసింది. చెయ్యి పెట్టి ఆ గీతలన్నీ తడిమింది.

"ఏటయ్యా ఇది? పులి గీరినట్టుంది."

చెప్పాను. అంతా విని కొంగు నడుముకి దోపింది. "ఉజ్జోగం పోతే ఇంకోటి సూసుకోవచ్చు. నువ్వే పోతే నానేటి సూసుకుంటాను? దాలినాయుడి కాడికి ఎల్లు. ఇప్పుడే ఎల్లు."

వెళ్లాను. దాలినాయుడు నన్ను చూస్తూనే జాకీ అందుకున్నాడు. పదేళ్ల ప్యాడ్లు పీకాడు, మధ్యరకం వేశాడు, డిస్కులు చూసి నాలుక కరుచుకుని వాటిని కూడా సాపు చేశాడు. "గురువా, నీకు సావొచ్చినా మీ ఆఫీసులో నమోదవ్వదురా. ప్యాడుకి గీత పడితే మట్టుకు అవుద్ది" అన్నాడు. పదేళ్ల ప్యాడ్లని పాత లుంగీలో చుట్టి ఇంటికి తెచ్చాను. నూకరత్నం వాటిని అటకమీద, ఊరగాయ జాడీల పక్కన పెట్టింది.

ఇక నెలకోసారి ఉపసంఘం వారి కొలత. మొదటి సోమవారం ప్యాడ్లు విప్పి డైరెక్టరు గారి బల్లమీద పెట్టాలి. వాళ్లెవరూ ఆఫీసు కారు షెడ్డుకి రారు, గ్రీజు అంటుకుంటుందని. కాబట్టి నేను ఇంటి నుంచి టిఫిను సంచీలో తెచ్చి, షెడ్డులో ఓ గంటసేపు ఇనుపసామాను చప్పుడు చేసి, అడ్డాకు విస్తరిలో పెట్టి పట్టుకెళ్లేవాణ్ణి. పరాంకుశం గారు కళ్లద్దాలు పైకి తోసి, కొలత పనిముట్టుతో నాలుగువైపులా పట్టి కొలిచేవారు.

మొదటి నెల అరుగుదల సున్న. రెండో నెల సున్న. మూడో నెల సున్న.

"మసి కూడా లేదు చూశారా విశాలాక్షి గారూ!"

ఎందుకుంటుంది? నూకరత్నం కుంకుడురసంతో తోమి పంపింది. ఇంటి వస్తువు మాసి ఉంటే ఆవిడకి నచ్చదు.

నాలుగో నెలలో పరాంకుశం గారి పన్ను సలిపింది. కారెక్కక తప్పలేదు. పద్దెనిమిది మలుపులూ దిగాం. ప్రతి మలుపులోనూ దాలినాయుడి ప్యాడు పిల్లిలా పట్టుకుంది. కింద దిగాక ఆయన చెంప పట్టుకునే నా భుజం తట్టారు.

"ఎంత మృదువుగా ఆగిందో గమనించావా? మొదట్లో నువ్వే వ్యతిరేకించావు. కొత్తదనాన్ని స్వీకరించడం నేర్చుకో సన్యాసిరావ్."

నేర్చుకుంటానన్నాను.

ఆరు నెలల కొలతలూ ఒక కాగితం మీద గీస్తే అడ్డంగా ఒక్క గీత వచ్చింది. "ఇంత స్థిరమైన రేఖను నా పరిశోధనా జీవితంలో చూడలేదు" అని దాన్ని పటం కట్టించారు. దాని నకలు రాజధానికి వెళ్లింది. రాజధాని ఉలిక్కిపడింది. ఇతర ఆఫీసులన్నీ పెన్నులు, బకెట్లు, కుర్చీలు పంపాయట. వేటికైనా ఎంతో కొంత అరుగుదల ఉంది. సున్న సాధించింది మేం ఒక్కళ్లమే.

మన్నిక విజయ పురస్కారం మాకే వచ్చింది. దాంతోపాటు ఉత్తర్వు కూడా. వచ్చే నెల మొదటి తారీఖు నుంచి కొండప్రాంతపు ఆఫీసుల కార్లన్నిటికీ పదేళ్ల ప్యాడ్లు వెయ్యాలి. డ్రైవర్లు వాటిని కదపకుండా చక్రాల నట్లకి లక్క సీలు వెయ్యాలి. సీలు పగిలితే డ్రైవరు ఉద్యోగం ఆ క్షణమే పోయినట్టు.

ఆ సాయంత్రం తవిటి ఫోను చేశాడు. నూకరత్నం స్పీకరులో పెట్టింది.

"బావా, నీ కారుకి అదేదో గొప్ప ప్యాడేసినారంట గదా? మాకూ ఏత్తారంట. ఎలగుంది? బాగుందేటి?"

నేను టీగ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. నూకరత్నం ఫోను తీసి, "బావ టీ తాగుతున్నాడురా, మళ్లీ సేత్తాడు" అని పెట్టేసింది. తర్వాత నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఆడి రోడ్డు నువ్వు సూసినావు."

"చూశాను."

"కంకరగుట్టలుంటాయేటి అక్కడ?"

"ఉండవు. అటు లోయే."

"నువ్వు మార్సుకున్నావు, బతికినావు. ఆడికి సీలేత్తారు. ఆడెలగ మార్సుకుంటాడు?"

నిజం చెబితే నా పందొమ్మిదేళ్ల ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే వాడు ఒకటో తారీఖున ఆ ఘాటీ దిగుతాడు. నూకరత్నం పీట మీంచి లేచింది. వెళ్లి అటకమీంచి మూట దించి నా పక్కన పెట్టింది.

పురస్కారం ఇవ్వడానికి కమిషనరు గారే కొండెక్కి వచ్చారు. షామియానా, మైకు, అడ్డాకు విస్తళ్లలో పులిహోర. వేదిక మధ్యలో ఎర్రగుడ్డ పరిచిన కొలత బల్ల. పరాంకుశం గారు ఇరవై నిమిషాలు మాట్లాడారు. మన్నిక అనేది ఒక వస్తుగుణం కాదని, అదొక జీవన దృక్పథమని చెప్పారు. చివర్లో కమిషనరు గారు "ఆ డ్రైవరు ఎవరు? ఆయన రెండు మాటలు చెబితే బాగుంటుంది" అన్నారు.

మైకు దగ్గరికి వెళ్లాను. చంకలో లుంగీ మూట.

"అయ్యా, ఈ ప్యాడ్లు అరగలేదన్నది నిజమే. ఆరు నెలల్నించీ ఇవి మా ఇంట్లో అటకమీద ఉన్నాయి. కారులో ఉన్నవి దాలినాయుడు వేసినవి. ఇవి వేస్తే కారు ఆగదు. ఇవే వేసి సీలు కొడితే ఆ కొండల మీద డ్రైవర్లు ఒక్కరోజు కూడా బతకరు. మా బావమరిది ఒకడున్నాడు, ముందు వాడే పోతాడు. నన్ను తీసేస్తే తీసెయ్యండి. వాళ్లకి మాత్రం వెయ్యకండి."

మూట విప్పి బల్లమీద పెట్టాను. పులిహోర తింటున్నవాళ్లు తినడం ఆపారు. పరాంకుశం గారి మొహం పెళ్లలు రాలిన గోడలా అయింది. విశాలాక్షి గారు నడుం పట్టుకున్నారు.

కమిషనరు గారు ఒక ప్యాడు తీసి అటూ ఇటూ తిప్పారు.

"ఆరు నెలలు అటకమీద ఉన్నాయా?"

"అవునండి."

"అరుగుదల?"

"అటకమీద ఎలా అరుగుతాయండి?"

"అంటే ఫలితం సరైనదే" అన్నారు కమిషనరు గారు నెమ్మదిగా. "ప్యాడు అరగలేదు. ఎందుకు అరగలేదో ఉపసంఘం పొరపాటుగా అర్థం చేసుకుంది, అంతే. ప్యాడు గొప్పదని వారు అనుకున్నారు. గొప్పది భద్రపరిచిన విధానం."

పరాంకుశం గారికి ప్రాణం లేచొచ్చింది. "అదే మనవి చేయబోతున్నాను. చక్రంలో అమర్చడమే క్షీణతకు మూలకారణమని మాకు మొదటి నుంచీ ఒక సందేహం ఉన్నది."

"ఆ అటకమీద తేమ ఎంత ఉంటుంది?" అని నన్నడిగారు కమిషనరు గారు.

"తెలీదండి. ఊరగాయ మాత్రం పాడవదు."

చప్పట్లు కొట్టారు. పురస్కారం పరాంకుశం గారికే ఇచ్చారు.

నాలుగు రోజుల్లో సవరణ ఉత్తర్వు వచ్చింది. ప్రతి ఆఫీసూ పదేళ్ల ప్యాడ్లు కొనవలెను. వాటిని ఇనుప బీరువాలో భద్రపరచి, బీరువాకు లక్క సీలు వేయవలెను. ఏ పరిస్థితిలోను వాహనమునకు అమర్చరాదు, అమర్చినచో అరుగుదల సంభవించు ప్రమాదము కలదు. మరి చక్రాల్లో ఏం ఉండాలి అనే విషయం మీద ఉత్తర్వు ఒక్క మాట కూడా అనలేదు. నా జీవితంలో ప్రభుత్వం చేసిన అతి మంచి పని ఆ మాట అనకపోవడమే. దాలినాయుడి షెడ్డు ముందు ఆ వారం కార్లు వరస కట్టాయి.

నా ఉద్యోగం పోలేదు. నా మీద రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది, ఆరు నెలల్లో ఆగుదల ప్రతిపాదన లేకుండా లెక్కలేనన్నిసార్లు సులభంగా ఆగినందుకు నన్ను స్టీరింగు నుంచి తప్పించారు. రెండోది, ప్యాడ్లను అరగకుండా ఉంచడంలో రాష్ట్రంలో అనుభవం ఉన్న ఒకే ఒక్క ఉద్యోగిని కాబట్టి నన్ను బీరువా కాపలాకి వేశారు. ఇప్పుడు బీరువా ముందు స్టూలు మీద కూర్చుంటున్నాను. ప్యాడ్లు లోపల, నేను బయట. కొత్త డ్రైవరు పోస్టు మంజూరయ్యేదాకా కారు షెడ్డులోనే ఉంది. దాంతో కారు మొత్తానికీ అరుగుదల సున్న అయింది. పరాంకుశం గారు వచ్చే ఏడాది పురస్కారానికి ఇంకో గీత గీయిస్తున్నారు.

ఒకటో తారీఖు పొద్దున్న ఎనిమిది నుంచీ ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదిన్నర దాటాక మోగింది.

"బావా, కిందికి దిగిపోనాను" అన్నాడు తవిటి.

"ఏం వేశారురా?"

"దాలినాయుడిదే. సక్కగ దిగినాది. ఇప్పుడు టీకొట్టుకాడ ఆపినాను."

"టీకొట్టు దగ్గర ఆగుతానని నిన్న సాయంత్రం రాసిచ్చావా?"

వాడు నన్నూ, మా మండలినీ కలిపి ఒక మాట అన్నాడు. బావమరిది కాబట్టి అనొచ్చు. ఇక్కడ రాయను. ఆ వెనకాలే గ్లాసులో టీ పోస్తున్న చప్పుడు వినబడింది. వాడు తాగడం అయ్యేదాకా నేను ఫోను పెట్టెయ్యలేదు.